పేరు దాటిన సముద్రం, పాట దాటిన సముద్రం: పీటర్ మాన్యుయెల్ కరీబియన్ పరిశోధన

ట్రినిడాడ్‌లో భారత సంతతి పెళ్ళింట ఒక గాయకుడు హార్మోనియం ముందేసుకుని, ఉత్తర భారత లలిత శాస్త్రీయ గానమైన ఠుమ్రీ పాడతానంటాడు. పక్కన ఢోలక్, దంతాల్ అనే కడ్డీ వాద్యం మోగుతుంటాయి. బనారస్‌లో ఠుమ్రీ నేర్చుకున్న మనిషి అది వింటే ఎక్కడా పోలిక దొరకక తెల్లబోతాడు. అదే న్యూయార్క్‌లో ఒక బ్యాండ్ సల్సా అనే నృత్య సంగీతం వాయిస్తుంటే, క్యూబా రాజధాని హవానాలో పుట్టి పెరిగిన ముసలాయన మాత్రం ఇది మా సోన్ పాటే కదా, పేరెప్పుడు మార్చారని అడుగుతాడు. మొదటిచోట పేరు సముద్రం దాటింది, పాట దాటలేదు. రెండోచోట పాట దాటింది, పేరు దాటలేదు. సంగీతాన్ని దాన్ని పాడే సమాజంతో కలిపి చదివే ఎథ్నోమ్యూజికాలజీ శాస్త్రంలో అమెరికన్ పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ దశాబ్దాలుగా చేసిన పనిలో అధిక భాగం ఈ రెండింటికీ మధ్య ఉన్న లెక్క తేల్చడమే.

ఆయన రచనల జాబితా పైపైన చూస్తే కుదురు లేని మనిషి అనిపిస్తాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1983లో ఠుమ్రీ మీద డాక్టరేట్. రెండేళ్ళకల్లా క్యూబా సంగీతంలో కింది స్వరాలు మోగించే బేస్ వాయిద్యం మీద వ్యాసం. తర్వాత ఉత్తర భారత క్యాసెట్ల మీద పుస్తకం, ఆపైన రుంబా నుంచి రెగ్గే దాకా కరీబియన్ మొత్తానికీ ఒక పాఠ్యగ్రంథం, స్పెయిన్ ఫ్లమెంకో సంగీతం, గయానా, ట్రినిడాడ్‌లో తాషా అనే డోలు. ఒక ప్రాంతాన్ని పట్టుకుని జీవితాంతం దాన్నే తవ్వడం ఈ శాస్త్రంలో మామూలు పద్ధతి. దాన్ని ఆయన పాటించలేదు. అయితే ప్రతిచోటా అడిగిన ప్రశ్న ఒక్కటే: మనుషులు కదిలినప్పుడు సంగీతంలో ఏ భాగం వెంట వస్తుంది, ఏది దారిలో జారిపోతుంది, ఏది కొత్త ఊళ్ళో మొలుస్తుంది?

ఆయన చదివిన విశ్వవిద్యాలయమే దీనికి పునాది. అక్కడ ఎథ్నోమ్యూజికాలజీకి రూపం ఇచ్చిన మాంటిల్ హుడ్ 1960లో ద్విసంగీతత్వం అనే మాట ముందుకు తెచ్చారు. రెండు భాషలు మాట్లాడే మనిషిలాగా పరిశోధకుడు రెండు సంగీతాలు వాయించగలగాలి, బయట నిలబడి నోట్సు రాసుకుంటే చాలదు అని దాని సారం. మాన్యుయెల్ సితార్, ఫ్లమెంకో గిటార్, పియానో వాయిస్తారు. ఇది అలంకారానికి చెప్పే విషయం కాదు. క్యూబా సంగీతం మీద ఆయన రాసిన వ్యాసాల్లో చాలా భాగం వేళ్ళకు ముందు తెలిసి, ఆ తర్వాత కాగితం మీదికి వచ్చినట్టు ఉంటాయి.

ఉద్యోగం కూడా దారి చూపింది. నేర న్యాయశాస్త్రానికి పేరున్న న్యూయార్క్‌లోని జాన్ జే కాలేజీలో ఆయన అధ్యాపకుడిగా పనిచేశారు; అదే నగర విశ్వవిద్యాలయపు గ్రాడ్యుయేట్ సెంటర్‌లో పరిశోధక విద్యార్థులకు గురువుగా ఉన్నారు. పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలున్న కాలేజీలో సంగీత పాఠం ఏమిటని అనిపించవచ్చు. ఆ పిల్లల ఇళ్ళెక్కడో చూస్తే జవాబు దొరుకుతుంది. బ్రాంక్స్‌లో ప్వెర్టో రికో వాళ్ళు, వాషింగ్టన్ హైట్స్‌లో డొమినికన్లు, బ్రూక్లిన్ ఫ్లాట్‌బుష్‌లో జమైకా, హైతీ వాళ్ళు, క్వీన్స్ రిచ్‌మండ్ హిల్‌లో గయానా, ట్రినిడాడ్ భారత సంతతి. మామూలుగా ఫీల్డ్‌వర్క్ అంటే గ్రాంటు, వీసా, ఏడాది సెలవు. ఈ నగరంలో సబ్‌వే టికెట్టుతో సగం పని అవుతుంది. ఇంకో లాభం ఉంది. దీవిలో రికార్డు చేసిన పాటను నగరంలో అదే ఊరి మనిషికి వినిపించి, ఈ మాట ఇదేనా, ఈ దెబ్బ సరిగ్గానే పడిందా అని వారం తిరక్కుండానే సరిచూసుకోవచ్చు.

క్యూబా సంగీతంతోనే ఆయన పద్ధతి స్పష్టంగా బయటపడింది. 1985 నాటి ఆ బేస్ వ్యాసం విషయం వినడానికి చిన్నదే. పాశ్చాత్య జనరంజక సంగీతంలో బేస్ వాయిద్యం పని ఆవర్తం మొదటి దెబ్బ మీద దిగి, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారిందని చెవికి చెప్పడం. సోన్‌లో, సల్సాలో బేస్ ఆ పని చేయదు. నాలుగు దెబ్బల ఆవర్తంలో ఒక స్వరం రెండో దెబ్బ దాటాక సగంలో పడుతుంది, ఇంకొకటి నాలుగో దెబ్బ మీద పడుతుంది. మొదటి దెబ్బ ఖాళీ. పైగా నాలుగో దెబ్బ మీద మోగే స్వరం ఇప్పటి కార్డ్‌కి చెందదు, రాబోయే ఆవర్తపు కార్డ్‌ది. అంటే బేస్ ఒక దెబ్బ ముందే రేపటిలో ఉంటుంది. పియానో కూడా తన తిరుగుడు వరసలో ఇలాగే ముందుకు వాలుతుంది. నర్తకుడి పాదం ఎప్పుడూ ముందుకు లాగినట్టుండటానికి కారణం ఇదే.

విన్న పాటను కొత్తగా స్వరలిపిలో రాసేవారు ఇక్కడే బోల్తా పడతారు. చెవికి గట్టిగా తగిలేది నాలుగో దెబ్బ స్వరం కాబట్టి దాన్నే ఒకటిగా రాస్తారు. ఒక దెబ్బ జరిగితే పాట మొత్తం జరుగుతుంది. పాట పల్లవి వంకరగా వస్తుంది, కార్డ్‌లు మాత్రం అతికినట్టు సరిపోతాయి. ఆ సరిపోవడం వల్లే తప్పు చాలాసేపు కనిపించదు. దీనికి విరుగుడు బేస్‌ను పక్కన పెట్టి, బోంగో అనే జంట డోళ్ళు వాయించేవాడి గంటను వినడం. పాట వేగం అందుకునే మోంతునో భాగంలో ఆ గంట బరువైన శబ్దం ఒకటి, మూడు దెబ్బల మీద పడుతుంది. దాన్ని పట్టుకుంటే అసలు సమం దొరుకుతుంది.

రెండో చిక్కు క్లావే. రెండు కర్రముక్కలు కొట్టే ఐదు దెబ్బల వరస ఇది. 16 మాత్రల్లో 1, 4, 7, 11, 13 మాత్రల మీద పడుతుంది. లయ లెక్కలు తెలిసిన తెలుగువారు దీన్ని 3, 3, 4, 2, 4 అని చేతి మీద వేసుకుంటే రెండు నిమిషాల్లో వస్తుంది. రుంబా క్లావేలో మూడో దెబ్బ ఒక మాత్ర ఆలస్యంగా 8 మీద పడుతుంది. తేడా అంతే, కానీ నడక మారిపోతుంది. చిక్కు దెబ్బల సంఖ్యలో లేదు, దిశలో ఉంది. మూడు దెబ్బల సగం ముందు రావచ్చు, రెండు దెబ్బల సగం ముందు రావచ్చు. పాట ఒకసారి ఏ దిశలో మొదలైతే వాద్యాలన్నీ దానికే కట్టుబడాలి. పల్లవి దగ్గర ఒక ఆవర్తం ఎక్కువో తక్కువో పాడితే గానం ఒక దిశలో, తాళాలు ఇంకో దిశలో పడి క్లావే అడ్డం తిరుగుతుంది. ఎక్కడ తప్పిందో కొత్త శ్రోత చెప్పలేడు గానీ నర్తకులు అడుగు తప్పుతారు. ఇక రుంబా వాద్యకారుల దెబ్బలు చాలాసార్లు చతురశ్రానికీ తిశ్రానికీ మధ్యలో ఎక్కడో పడతాయి. గీతల కాగితం ఆ మధ్యస్థితిని ఒప్పుకోదు. ఏదో ఒక వైపు రాసి, పక్కన మాటల్లో చెప్పడం తప్ప దారి లేదు.

మాన్యుయెల్ ఆలోచనల్లో అన్నిటికన్నా పదునైనది 2002లో ద్వంద్వ స్థాయి గురించి, అంటే ఒకే పాటకు రెండు ఆధార స్వరాలు ఉండటం గురించి, ప్రతిపాదించింది. క్యూబా పాట గ్వాంతనామేరా ప్రపంచమంతా తెలుసు. సి స్థాయిలో వాయిస్తే దాని కార్డ్‌లు సి, ఎఫ్, జి అని తిరుగుతూనే ఉంటాయి. వరస జి మీద ఆగుతుంది. పాశ్చాత్య సంగీత పాఠం ప్రకారం జి అంటే ఉద్రిక్తత, అది తప్పనిసరిగా సి దగ్గరికి చేరి శాంతించాలి. పాట మాత్రం జి మీదే హాయిగా ఆగిపోతుంది. అసంపూర్తిగా ఉందని వినేవారెవరికీ అనిపించదు. ఇది పల్లెపాటల అమాయకత్వం కాదని మాన్యుయెల్ వాదన. 18వ శతాబ్దపు స్పెయిన్ ఫాందాంగో నృత్యాల నుంచి, స్వరకర్త స్కార్లాత్తి కీబోర్డు రచనల నుంచి ఈ పద్ధతి కొనసాగుతోంది. రెండు స్థాయిలు లోలకంలా ఊగుతాయి, రెండూ విశ్రాంతి స్థానాలే. మన గ్రహభేదం తెలిసినవారికి ఇది అంత వింతగా తోచదు: స్వరాలు అవే, ఆధారం జరిగితే రాగమే వేరవుతుంది. తేడా ఏమిటంటే అక్కడ ఆ జరగడం వినేవాడి చెవిలో ఎప్పటికీ తేలకుండా ఉండిపోతుంది. ఒక సంప్రదాయపు సూత్రాలతో ఇంకో సంప్రదాయాన్ని కొలిస్తే లోపంగా కనిపించింది నిజానికి వ్యాకరణమని చూపించడం ఈ వ్యాసం సాధించింది. ఆయన రచనల్లో ఇదొక్కటే చదవడానికి తీరిక ఉంటే ఇదే చదవాలి.

క్యూబా మీద పని చేయడానికి రాజకీయం ఒక అడ్డుగోడ. ఆంక్షల కాలంలో అమెరికన్ పరిశోధకుడు హవానా వెళ్ళడమే కష్టం, అక్కడి విద్వాంసుల స్పానిష్ వ్యాసాలు అమెరికాలో ఎవరికీ అందేవి కావు. 1991లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన సంకలనం క్యూబా పరిశోధకుల వ్యాసాలను ఇంగ్లీషులోకి తెచ్చి, అమెరికన్ వ్యాసాల పక్కన పెట్టింది. సాంస్కృతిక మార్పిడికి 1940లోనే సిద్ధాంతం ఇచ్చిన ఫెర్నాందో ఓర్తీస్ దేశమది. అక్కడి చర్చను పక్కన పెట్టి క్యూబా సంగీతం మీద రాస్తే తెలిసిన విషయాన్నే మళ్ళీ కనిపెట్టినట్టు ఉండేది.

1994లో సల్సా మీద రాసినది వివాదమైంది. సల్సా వ్యాకరణం దాదాపు మొత్తం క్యూబా నుంచి వచ్చిందే. కానీ ఆ పేరుతో దాన్ని పెంచింది న్యూయార్క్‌లోని ప్వెర్టో రికో వాళ్ళు. 1964లో పుట్టిన ఫానియా రికార్డ్స్ దాన్ని ప్రపంచానికి అమ్మింది. మరి అది ఎవరిది? క్యూబా వాళ్ళు అప్పు అంటారు, ప్వెర్టో రికో వాళ్ళు మా ఊపిరి అంటారు. మాన్యుయెల్ జవాబు ఏమిటంటే ప్వెర్టో రికో ఇలా చేయడం మొదటిసారి కాదు. 19వ శతాబ్దంలో కొంత్రదాన్సా అనే క్యూబా నృత్య సంగీతం వాళ్ళ చేతిలో దాన్సాగా మారింది, తర్వాత అదే జాతీయ చిహ్నమైంది. అరువు తెచ్చుకోవడం బలహీనత కాదు, దాన్ని సొంత బతుక్కి అర్థంగా మార్చుకోవడంలోనే సృజన ఉంది. ఈ వివరణలో ఒక అసౌకర్యం ఉంది. వ్యాకరణాన్ని అంతగా నొక్కి చెప్పినప్పుడు వాయించే తీరు, అంటే ఊగు, స్వరం ముద్ర, గాయకుడి మాట విరుపు వెనక్కి పోతాయి. ప్వెర్టో రికో వైపు పరిశోధకులు ఎత్తిచూపినది సరిగ్గా ఇదే. స్వరలిపిలో పట్టుబడేదాని మీదే చెవి నిలిపే శాస్త్రానికి పట్టుబడనిది ఎప్పుడూ అప్పే.

కొంత్రదాన్సా ఆయన్ని తర్వాత కూడా వదల్లేదు. సోన్ పుట్టింది తూర్పు క్యూబా పల్లెల్లో, హవానాకి తర్వాత వచ్చింది అని పాత కథ. మాన్యుయెల్ 19వ శతాబ్దపు అచ్చు స్వరపత్రాలు తిరగేశారు. మిగిలి ఉన్న వాటిలో అతి పాతదిగా చెప్పే సాన్ పాస్క్వల్ బైలోన్ 1803 నాటిది. హవానా దాన్సాల రెండో భాగంలో, ఎడమచేతి లయలో సోన్ లక్షణాలు కొన్ని ముందే ఉన్నాయని ఆయన చూపించారు. వాద్యకారులు వాయించినదంతా అచ్చు కాగితం చెప్పదు. అయినా పల్లె నుంచి పట్నానికి అన్న ఒంటి బాట మాత్రం ఆ తర్వాత నిలవలేదు.

ఇక ఇండో-కరీబియన్ పని. మొదట్లో చెప్పిన ఠుమ్రీ ఇక్కడే వస్తుంది. 1838 నుంచి గయానాకి, 1845 నుంచి ట్రినిడాడ్‌కి, 1873 నుంచి సురినామ్‌కి ఒప్పంద కూలీలు వెళ్ళారు. 1917కల్లా ఆ రాకపోకలు ఆగాయి. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడ ఎక్కిన భోజ్‌పురీ ప్రాంతం వాళ్ళు. వాళ్ళలో ఆస్థాన విద్వాంసులు లేరు. ఠుమ్రీ, ధ్రుపద్, తిల్లానా అనే పేర్లు మాత్రం వెళ్ళాయి, అచ్చు పాటల పుస్తకాల్లో, మనుషుల జ్ఞాపకాల్లో ముక్కలు ముక్కలుగా. ఆ ముక్కల చుట్టూ అక్కడి గాయకులు కొత్త కట్టడం కట్టారు. దాన్నే వాళ్ళు తాన్-గానం అంటారు. ఠుమ్రీ మీద డాక్టరేట్ చేసిన మనిషి కాబట్టి మాన్యుయెల్‌కి వినగానే తెలిసిన సంగతి: ఇది చెడిపోయిన హిందుస్తానీ కాదు, అసలు హిందుస్తానీయే కాదు. 2000లో వచ్చిన పుస్తకం దీన్ని స్వతంత్ర సంప్రదాయంగా నిలబెట్టింది.

దంతాల్ కథ దీనికి తలకిందులు. పొడవాటి ఉక్కు కడ్డీ, గుర్రపునాడా ఆకారపు ఇనప ముక్కతో కొడతారు. చెరకు తోటల్లో ఎద్దుబండి ఇనుముతో మేమే కనిపెట్టామని కరీబియన్‌లో గట్టి నమ్మకం. అదే వాయిద్యం ఫిజీ భారతీయుల దగ్గరా ఉంది. 1879 నుంచి ఫిజీ వెళ్ళినవారికీ, ట్రినిడాడ్ వెళ్ళినవారికీ మధ్య పసిఫిక్, అట్లాంటిక్ రెండూ అడ్డం. రెండుచోట్లా ఒకే వస్తువు కనిపిస్తే అది రెండుసార్లు పుట్టిందనడం కన్నా ఒకే ఇంటి నుంచి వెళ్ళిందనడం సబబు. భోజ్‌పురీ ప్రాంతంలో వెతికితే అరుదుగానైనా దొరుకుతుంది. మూడుచోట్ల సరిచూసే ఈ పద్ధతే హోళీ చౌతాల్‌కీ పనికొచ్చింది: రెండు వరసలు ఎదురెదురుగా కూర్చుని పంతం మీద పాడే ఆ పాట ట్రినిడాడ్‌లో, గయానాలో, ఫిజీలో, బీహార్‌లో దాదాపు ఒకే తీరున ఉంటుంది.

తాషా ఈ రెండు కథలకీ మధ్యలో ఉంటుంది. మనకు పీర్ల పండుగలోనూ ఊరేగింపుల్లోనూ తెలిసిన తాషాయే. ట్రినిడాడ్‌లో హోసే అని పిలిచే మొహర్రంతో ముడిపడి ఎదిగి, ఇప్పుడు హిందువుల పెళ్ళిళ్ళు కూడా అది లేనిదే జరగని స్థితికి వచ్చింది. బృందానికి నలుగురు. కట్టర్ అనే ముందు తాషా కొత్త కొత్త ముక్తాయింపులు వేస్తుంది. ఫుల్లర్ అనే రెండో తాషా వరస విడవకుండా మోస్తుంది. పెద్ద ఢోల్‌ను బాస్ అంటారు. నాలుగోది ఝాంఝ్, ఇత్తడి తాళాలు. సంప్రదాయ తాషా మట్టి గిన్నెకు మేకతోలు కట్టినది. తోలు చెమ్మకు సాగుతుంది కాబట్టి వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. కాపు తక్కువైతే దెబ్బ మొద్దుబారుతుంది, ఎక్కువైతే తోలు పగులుతుంది. లయ వరసలను వాళ్ళు హ్యాండ్ అంటారు: తికోరా, చౌబోలా, దింగోలే, కలిప్సో. పేర్లలోనే ఇటు భారతం, అటు కరీబియన్ కలిసి కూర్చున్నాయి. 2010లో మాన్యుయెల్ దీని మీద డాక్యుమెంటరీ తీశారు, 2015లో పుస్తకం వచ్చింది.

దీన్ని రికార్డు చేయడం చేతికి మట్టంటే పని. శబ్దం తీవ్రత వల్ల మైకు చిటపటలాడి రికార్డు చెడిపోతుంది, అందుకే స్థాయి బాగా తగ్గించి మొదలుపెట్టాలి. నాలుగు వాద్యాలు ఒకేసారి వినిపిస్తే ఎవరి దెబ్బ ఎవరిదో విడదీయలేం. ఒక్కొక్కరినీ విడిగా వాయించమంటే ఫుల్లర్ వాయించేవాడు కట్టర్ లేకుండా తడబడతాడు, లేదా వరసను తేలిక చేసి వాయిస్తాడు. మధ్య ఆఫ్రికా బహువాద్య సంగీతంతో పరిశోధకుడు సిమ్హా ఆరోమ్ పాటించిన ఉపాయం ఇలాంటి చోట పనికొస్తుంది: బృందం మొత్తాన్ని ముందు రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్లలో వినిపిస్తూ ఒక్కొక్కరి చేత విడిగా వాయించి మళ్ళీ రికార్డు చేయడం. చేతులకు దగ్గరగా వీడియో కూడా ఉంటే ఏ కర్ర ఏ దెబ్బ వేసిందో తేలుతుంది.

క్యాసెట్ పుస్తకం గురించి ఒక్క మాట. 1993లో వచ్చిన ఆ పుస్తకం చౌక క్యాసెట్లు గ్రామఫోన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని కూల్చి ప్రాంతీయ పాటకు మార్కెట్ ఎలా తెచ్చాయో చెప్పింది. భక్తి క్యాసెట్లు, జానపద క్యాసెట్లు సందుల్లో కొట్టుల నిండా ఉన్న రోజులు చూసిన తెలుగువారికి ఆ వాదన పరిచయం చేయనక్కర్లేదు. ఆ చూపే తర్వాత ఇండో-కరీబియన్ల చట్నీ సంగీతం దగ్గర ఉపయోగపడింది. పెళ్ళింటి ఆడవాళ్ళ పాట స్టేజీ ఎక్కి, 1987లో గాయని ద్రుపతీ రామ్‌గునై చేతిలో, సోకా అనే ట్రినిడాడ్ నృత్య సంగీతంతో కలిసి, చట్నీ సోకా అయ్యేసరికి అమ్మకం, పరువు, ఆడవాళ్ళ ఆట మీద పెద్దల అభ్యంతరం అన్నీ ఒకే మూటలో వచ్చాయి.

ఈ దారిలో నడవాలనుకునేవారికి కొన్ని గట్టి నిజాలు. అమెరికాలో ఈ శాస్త్రంలో డాక్టరేట్ సాధారణంగా ఆరు నుంచి ఎనిమిదేళ్ళు: రెండు మూడేళ్ళ పాఠాలు, భాషా పరీక్షలు, సమగ్ర పరీక్ష, ఏడాది క్షేత్రపర్యటన, తర్వాత రాత. ఉద్యోగ ప్రకటనలు ప్రాంతం పేరుతోనే వస్తాయి: లాటిన్ అమెరికా, ఆఫ్రికా, దక్షిణాసియా. చేరాక ఆరో ఏట శాశ్వత నియామకపు పరీక్ష, దానికి ఒక పుస్తకం ఉండాలి. అందుకే చిన్నవయసులో రెండు ప్రాంతాల మీద పనిచేయడం ప్రమాదం. మాన్యుయెల్ మొదటి దశలో రెండింటినీ వేరువేరు వ్యాసాలుగా నడిపి, వాటిని కలిపే పుస్తకం తర్వాతే రాశారు. ఆ క్రమాన్ని గమనించకుండా విస్తృతిని మాత్రం అనుకరించబోతే నియామక సంఘం అడిగే మొదటి ప్రశ్నకే, మీరు ఏ ప్రాంతపు మనిషి అన్నదానికే, జవాబు దొరకదు.

ఆయన చిత్రంలో ఒక మూల మసకగా ఉంది. కలకత్తా రేవు భోజ్‌పురీ కథ నిండుగా ఉంది. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన చిన్న భాగంలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీ అన్నారు. గయానాలో కాళీమాయి పూజలో దేవత పూనడానికి కొట్టే వాద్యాన్ని ‘తప్పు’ అని పిలుస్తారు. తమిళంలో అదే ‘తప్పు’, తెలుగులో తప్పెట, డప్పు. భాషలు పోయాయి, వాద్యం పేరు నిలిచింది. అయితే ఆ చేతి వరసలు ఏ జిల్లా డప్పుకు దగ్గరగా ఉన్నాయి, దంతాల్‌ను ఫిజీతో సరిచూసినట్టు వీటిని మారిషస్ తెలుగువారి వాద్యాలతో సరిచూస్తే ఏమి తేలుతుంది అన్న పనికి డప్పు దరువులు చెవిలో ఉన్న పరిశోధకుడు కావాలి. ఠుమ్రీ తెలిసిన చెవి తాన్-గానాన్ని గుర్తించినట్టే.